గిరియాత్రకు ముందు పాదపరీక్ష

చినతిరుపతి కొండ దిగువన, మెట్లు మొదలయ్యే చోట పాదుకా మండపం ఉన్నది. అక్కడ స్వామివారి పాదాలకు నమస్కరించిన తరువాతనే మెట్టు ఎక్కడం భక్తుల ఆనవాయితీ. నాకు ఊహ తెలిసిన నాటినుంచి ఆ మండపం ముందు నేనూ తల వంచుతూనే ఉన్నాను. స్వామి పాదాలను చూచినంత శ్రద్ధగా నా వెంట కొండకు వచ్చినవారి పాదాలను చూడడం మాత్రం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ ఆలస్యానికి మా కుటుంబం చెల్లించిన మూల్యాన్ని, దానివల్ల నేర్చిన పాఠాన్ని యాత్రికులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. కాలినడకన ఒక్క పగటిలో ఎక్కి దిగగల కొండలు మన రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి. వాటి దారులు ఎట్లా ఉంటాయో, అక్కడ ఏది ఎదురవుతుందో ముందుగా తెలిసి ఉంటే దర్శనం ఆనందదాయకం అవుతుంది. తెలియకపోతే భక్తి ఎంత ఉన్నా శరీరం ఎదురు తిరుగుతుంది.

సమతలపు కాళ్ళు

మా నల్లజర్ల మెట్టకూ డెల్టాకూ నడుమ ఉన్న ఊరు. ఒకవైపు ఎర్రనేలలు, జీడిమామిడి, పామాయిలు తోటలు. తాడేపల్లిగూడెం దాటితే కాలువలు, వరిచేలు. ఇంకా దిగువకు పోతే కొల్లేరు. కొల్లేటి లంకలలో పుట్టి పెరిగినవారికి చెరువుగట్టు ఎక్కడమే ఎత్తు ఎక్కడం. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లిని సేవించుకొనే ఆ ప్రాంతపు భక్తులలో అనేకులు జీవితంలో మొదట చూచే కొండ చినతిరుపతి కొండయే.

మన ప్రాంతంవారు నడకకు వెనుదీసేవారు కారు. కాలువగట్ల వెంట రాత్రంతా నడిచి, తెల్లవారేసరికి ద్వారకాతిరుమల చేరే బృందాలను నేను ఏటా చూస్తున్నాను. అంత నడిచినవారే మూడు వందల మెట్లు ఎక్కేసరికి రొప్పుతూ కూర్చుండిపోవడమూ చూచాను. ఇందులో ఆశ్చర్యం లేదు. సమతలం మీద నడిచేటప్పుడు దేహభారాన్ని ముందుకు జరుపుతాము. మెట్టు ఎక్కేటప్పుడు అదే భారాన్ని ప్రతి అడుగుకూ పైకి ఎత్తుతాము. తొడకండరాలకు, గుండెకు, ఊపిరితిత్తులకు పని అనేక రెట్లు పెరుగుతుంది. కనుక "నేను రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను, నాకేమి" అనుకొని కొండకు బయలుదేరడం సరైన లెక్క కాదు. కొండకు కొండమీదనే సాధన చేయాలి.

ఒక వైశాఖ మాసం

కొన్ని సంవత్సరాల క్రితం నృసింహ జయంతి సందర్భంగా మా బృందం పద్దెనిమిది మందిమి అహోబిలం వెళ్ళాము. ఏర్పాట్లన్నీ నావే. మా అక్కయ్య భర్త, మా బావగారు, మాతో వచ్చారు. ఆయనకు అప్పటికి అరవై దాటింది. పన్నెండేళ్ళుగా మధుమేహం ఉన్నది. జ్వాలా నృసింహుని సన్నిధికి చెప్పులు లేకుండా వస్తానని ఆయన మొక్కుకున్నారు.

ఎగువ అహోబిలం నుంచి తెల్లవారుజామున ఐదు గంటలకు బయలుదేరాలన్నది మా నిర్ణయం. రెండు కుటుంబాలు సిద్ధం కావడం ఆలస్యమైంది. అందరూ కలిసే వెళ్ళాలని పట్టుపట్టినవాడిని నేనే. బయలుదేరేసరికి ఎనిమిది దాటింది. దర్శనం బాగా జరిగింది. దిగే వేళకు మిట్టమధ్యాహ్నం. వైశాఖమాసపు ఎండకు నల్లమల రాళ్ళు కాలిన పెనం వలె ఉన్నాయి. చెప్పులు లేని మిగిలినవారు నీడ కనబడిన చోటికల్లా పరుగెత్తుతున్నారు. బావగారు మాత్రం నామస్మరణ చేసుకుంటూ, మొగం చిట్లించకుండా, నెమ్మదిగా దిగుతున్నారు.

"బావగారూ, నా చెప్పులు వేసుకోండి" అన్నాను.

"స్వామి కొండమీద చెప్పులేమిటయ్యా! నాకేమీ కాలడం లేదు" అన్నారు.

ఆయన భక్తి బలం అంతటిదని నేను సంతోషించాను. పదిమందికి చూపించి మెచ్చుకున్నాను కూడా. రాత్రి సత్రంలో ఆయన కాళ్ళు చాపుకున్నప్పుడు రెండు అరికాళ్ళ నిండా బొబ్బలు కనబడ్డాయి. ఒకటి చితికి నీరు కారుతున్నది. అప్పటికీ ఆయనకు నొప్పి తెలియదు. మధుమేహం ఆయన పాదాల నరాలలోని స్పర్శను ఎప్పుడో హరించిందని, "కాలడం లేదు" అన్న మాటకు అర్థం అదేనని వైద్యులు చెప్పిన తరువాత గాని నాకు తెలియలేదు. పుండు మానలేదు. శ్రావణమాసంలో కుడికాలి వేలు ఒకటి తీసివేయవలసి వచ్చింది. మా అక్కయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆనాటి తప్పులు మూడు. ఎండవేళకు దిగేటట్లుగా ఆలస్యంగా బయలుదేరడం మొదటిది. వెంట వచ్చినవారి ఆరోగ్యాన్ని ముందుగా విచారించకపోవడం రెండవది. బాధ తెలియకపోవడాన్ని భక్తి అనుకోవడం మూడవది. మూడూ నావే. ఈ క్రింది విషయాలన్నీ ఆ తరువాత నేర్చుకున్నవి.

పొరుగు కొండలతో అభ్యాసం

దూరపు కొండకు మొక్కుకున్నవారు కనీసం నెల ముందునుంచి దగ్గరి కొండలమీద అభ్యాసం చేయడం ఉత్తమం. మన చుట్టుప్రక్కల ఇందుకు తగినవి నాలుగు చెబుతాను.

మొదటిది చినతిరుపతి. ఈ కొండ అనంతుని ఆకృతిలో ఉన్నదని, పడగమీద మల్లికార్జునుడు, తోకమీద వేంకటేశ్వరుడు వెలసినారని స్థలపురాణం. ఎత్తు తక్కువ. వాహనాలకు దారి ఉన్నది. అలసినవారు మధ్యలో ఆగినా ఇబ్బంది లేదు. వారానికి రెండుసార్లు, బస్సు ఎక్కకుండా పాదుకా మండపం నుంచి మెట్లదారిన ఎక్కి దిగితే కాళ్ళకు మొదటి పాఠం అబ్బుతుంది.

రెండవది కామవరపుకోట మండలం జీలకర్రగూడెం వద్ద ఉన్న గుంటుపల్లి కొండ. క్రీస్తుకు పూర్వమే బౌద్ధ భిక్షువులు ఇక్కడ రాతిని తొలిచి విహారాలు, గుండ్రని చైత్యగృహం నిర్మించుకున్నారు. కొయ్య ఇంటి దూలాలను పోలినట్లు రాతిలోనే పైకప్పును చెక్కిన పనితనం చూడదగినది. చైత్యంలోని స్తూపాన్ని స్థానికులు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. పైన స్తూపాల నడుమ నీడ తక్కువ. దుకాణాలు ఉండవు. నీళ్ళు వెంట తీసుకొనిపోయే అలవాటు ఇక్కడ అబ్బుతుంది. ఉదయం ఎనిమిదికి ముందే ఎక్కడం మంచిది.

మూడవది రాజమహేంద్రవరం దగ్గరి కోరుకొండ. లక్ష్మీనరసింహస్వామి వెలసిన ఈ కొండకు మెట్లు నిటారుగా ఉంటాయి. ఎక్కడం కంటె దిగడం ఎంత కష్టమో ఇక్కడ తెలుస్తుంది. మోకాళ్ళు వణికితే దూరయాత్రకు ఇంకా సిద్ధం కాలేదని గ్రహించాలి.

నాలుగవది బుట్టాయగూడెం మండలపు అడవులలోని గుబ్బల మంగమ్మ తల్లి సన్నిధి. ఇది మెట్లదారి కాదు. అడవి నడుమ వాగులు దాటుతూ పోయే దారి. ఎండాకాలంలో పాదం తడవని వాగు కూడా కొండలమీద వాన కురిస్తే కొద్దిసేపటిలో నడుములోతు అవుతుంది. మన తలపైన ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎగువన కురిసిన వాన వాగులో దిగివస్తుంది. నీరు ఎర్రబారినా, ఆకులు పుల్లలు కొట్టుకొనివస్తున్నా దాటకూడదు. పొద్దు వాలక ముందే అడవి దాటి రావాలి. వర్షాకాలంలో దారి తెరిచి ఉన్నదీ లేనిదీ విచారించిన తరువాతనే బయలుదేరాలి.

అభ్యాసంలో వేగాన్ని కొలవడానికి గడియారం అవసరం లేదు. ఎక్కుతూ ఉండగా గోవిందనామాన్ని గొంతెత్తి, ఊపిరి తెగకుండా పలకగలిగితే ఆ వేగం తగినది. నామం మధ్యలో తెగుతున్నదంటే శక్తికి మించి నడుస్తున్నామని అర్థం. నామం పలకలేనంత రొప్పు వస్తే ఆగి నిలబడాలి. పెద్దలు కొండ ఎక్కేటప్పుడు గోవిందలు కొట్టించడంలో ఈ లాభం కూడా ఉన్నది.

దూరపు కొండలు: ఎదురయ్యేవి ఏమిటి

తిరుమలకు కాలిదారులు రెండు. అలిపిరి దారిలో 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల దూరం. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి పోయే శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. రెండవది దగ్గర కనుక తేలిక అని చాలామంది భ్రమపడతారు. తక్కువ దూరంలో అంత ఎత్తు ఎక్కాలంటే దారి నిటారుగా ఉండక తప్పదు. గుండె, మోకాళ్ళు బలంగా ఉన్నవారికి మాత్రమే అది తేలిక.

అలిపిరిలోనూ యాత్ర పాదాల మండపం వద్దనే మొదలవుతుంది. గాలిగోపురం వరకు ఎక్కుడు కఠినం. అలసట ఎక్కువగా కనిపించేది ఇక్కడే. గాలిగోపురం దాటిన తరువాత చాలా దూరం నడక సుఖంగా ఉంటుంది. జింకలవనం దాటి, రహదారి ప్రక్కగా కొంత నడిచిన పిమ్మట మోకాళ్ళ పర్వతం వస్తుంది. అప్పటికే అలసి ఉన్న కాళ్ళకు ఇది చివరి పరీక్ష. ఇది తెలియనివారు గాలిగోపురం దాటగానే కష్టం తీరిందనుకొని త్వరగా నడిచి, మోకాళ్ళ పర్వతం వద్ద కూలబడతారు. శక్తిలో మూడవవంతు దీనికోసం మిగుల్చుకోవాలి. ఆరోగ్యవంతులకు అలిపిరి దారి మూడు నుంచి ఐదు గంటల పని. పిల్లలతో, పెద్దలతో వెళ్ళేవారు ఇంకా ఎక్కువ అనుకోవాలి.

అరవై ఏళ్ళు దాటినవారు, మధుమేహం, అధిక రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ, కీళ్ళనొప్పులు ఉన్నవారు కాలినడకన రావడం శ్రేయస్కరం కాదని తిరుమల తిరుపతి దేవస్థానం 2024లో భక్తులకు సూచించింది. అలిపిరి దారిలో 1500వ మెట్టు, గాలిగోపురం, భాష్యకార్ల సన్నిధి వద్ద వైద్యసహాయం లభిస్తుందని కూడా తెలిపింది. ఆ మూడు చోట్లను యాత్రికులు గుర్తుంచుకోవాలి.

ఋతువు విషయంలో మన ప్రాంతంవారు ఒక పొరపాటు చేస్తారు. కార్తికం వచ్చేసరికి మనకు వానలు తగ్గుముఖం పడతాయి కనుక తిరుపతిలోనూ అంతే అనుకుంటారు. అక్కడ ఈశాన్య ఋతుపవనాల వానలకు అదే సమయం. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని మూతపడింది. మరమ్మతుల తరువాత 2022 మే నెలలో గాని తెరుచుకోలేదు. ఆ నెలలలో వెళ్ళేవారు వాతావరణ సూచన చూచుకొని బయలుదేరాలి.

అహోబిలం స్వభావం వేరు. నల్లమల అడవులలో నవ నారసింహ క్షేత్రాలు వేరువేరు చోట్ల ఉన్నాయి. కొన్ని వాహనం చేరేవి, కొన్ని నడకతోనే చేరేవి. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నృసింహుని సన్నిధికి దారి భవనాశిని వాగు వెంట సాగుతుంది. రాళ్ళు, మెట్లు, మళ్ళీ రాళ్ళు. తడిసిన రాయి నున్నగా జారుతుంది. ప్రారంభంలోనే వెదురు కర్ర ఒకటి చేత పట్టడం మేలు. నడవలేనివారికి డోలీలు ఉన్నాయి. వాటిని ఎక్కడం చిన్నతనం కాదు. అక్కడినుంచి ఉగ్రస్తంభానికి పోయే ఎక్కుడు నిజమైన పర్వతారోహణం. చేతులు కూడా ఉపయోగించి ఎక్కవలసిన చోట్లు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులు, తలతిరుగుడు ఉన్నవారు దానిని క్రిందినుంచే నమస్కరించి విడిచిపెట్టాలి. అన్నిటినీ ఒక్క రోజులో ముగించాలన్న తొందరే ఇక్కడి కష్టాలకు మూలం. రెండు రోజులుగా పంచుకొని, ఉదయాలు నడకకు, మధ్యాహ్నాలు విశ్రాంతికి కేటాయిస్తే దర్శనానికి దర్శనం, క్షేమానికి క్షేమం.

కొండ ఎక్కలేనివారికి సింహాచలం గిరిప్రదక్షిణం తేలిక మార్గమని కొందరి అభిప్రాయం. ఆషాఢ పౌర్ణమికి తొలిపావంచ నుంచి బయలుదేరి కొండ చుట్టూ తిరిగివచ్చే ఆ దారి 32 కిలోమీటర్లు. మెట్లు లేవు, నిజమే. అయితే అంత దూరం తారురోడ్డు మీద నడిచే పాదాలకు పడే రాపిడి తక్కువది కాదు. గట్టుదారులలో నడక అలవాటు ఉన్న మన డెల్టావారికి అది అనుకూలం. స్పర్శ తగ్గిన పాదాలకు మాత్రం అదీ ప్రమాదమే.

ఎక్కుడు, దిగుడు, నీరు, ఆహారం

ఎక్కేటప్పుడు అలిసేవి గుండె, ఊపిరితిత్తులు. దిగేటప్పుడు నలిగేవి మోకాళ్ళు, తొడలు. దిగే ప్రతి అడుగులోనూ తొడకండరం సాగుతూనే దేహాన్ని ఆపవలసి ఉంటుంది. మోకాలిపైన శరీర బరువుకు కొన్ని రెట్లు భారం పడుతుంది. మరునాడు మెట్లు దిగలేకపోవడానికి కారణం ఇదే. కనుక దిగేటప్పుడు పరుగు కూడదు. మోకాలిని కొద్దిగా వంచి, పాదం మొత్తం మెట్టుపై ఆనించి, అవసరమైతే ఏటవాలుగా దిగాలి. తిరుమల వంటి చోట కాలినడకన ఎక్కి, బస్సులో దిగడం వయసు మళ్ళినవారికి అన్నివిధాలా మంచిది.

నీటిని దాహం వేసిన తరువాత ఒక్కసారిగా కాక, కొద్దికొద్దిగా తరచు తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మన పెద్దల మందు. లేదా లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కలిపితే చాలు. మధుమేహం ఉన్నవారు పంచదార విషయమై వైద్యులను ముందే అడగాలి.

ఉపవాసంతో కొండ ఎక్కాలని మొక్కుకునేవారు ఉన్నారు. ఆరోగ్యవంతులకు అది వారి నిష్ఠ. మధుమేహానికి మాత్రలో సూదిమందో తీసుకొని, ఏమీ తినకుండా ఎక్కడం మాత్రం ప్రాణాపాయం. రక్తంలో చక్కెర పడిపోతే చెమటలు పట్టడం, చేతులు వణకడం, మాట తడబడడం కనిపిస్తాయి. వీటిని అలసట అని పొరపాటు పడతారు. అటువంటివారికి, స్పృహ ఉండి మింగగలిగితే, వెంటనే బెల్లం ముక్కయో పంచదారయో తినిపించాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేక దవడకు పాకే నొప్పి కనబడితే ఇక ఒక్క మెట్టు కూడా ఎక్కించకూడదు. ఎండదెబ్బ తగిలి మాట తడబడినవారిని నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు చల్లి, గాలి విసురుతూ 108కి కబురు చేయాలి. మత్తుగా ఉన్నవారి నోట నీళ్ళు పోయకూడదు.

పాదపరీక్ష

యాత్రకు నెల ముందు, మధుమేహం ఉన్న ప్రతివారూ వైద్యుని వద్ద పాదాల స్పర్శను పరీక్ష చేయించుకోవాలి. సన్నని తీగవంటి సాధనంతో అరికాలిని తాకి, తెలుస్తున్నదా అని అడుగుతారు. కొద్ది నిమిషాల పని, నొప్పి లేనిది. స్పర్శ తగ్గిందని తేలితే ఎండలో వట్టికాళ్ళతో నడవడం మానివేయాలి. ఇందులో రాజీ లేదు.

సంప్రదాయాన్ని గౌరవించి చెప్పులు విడువదలచిన ఆరోగ్యవంతులు తెల్లవారుజామున బయలుదేరి, తొమ్మిదిలోగా రాయి వేడెక్కక ముందే ముగించాలి. మందపాటి నూలు మేజోళ్ళు కొంత రక్షణ ఇస్తాయి. గోళ్ళు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి. గంటకొకసారి కూర్చుండి, అరికాళ్ళను చేతితో తడిమి చూచుకోవాలి. వంగలేనివారి పాదాలను ప్రక్కవారు చూడాలి. మా బృందంలో ఇప్పుడు ఇది నియమం. మొదట్లో పెద్దవారు పాదాలు చూపడానికి, చిన్నవారు తమ చేత చూపించుకోవడానికి సంకోచించారు. పాదసేవ నవవిధ భక్తులలో ఒకటని గుర్తుచేసిన తరువాత ఆ సంకోచం పోయింది.

అడవి మర్యాద

మన కొండలలో అనేకం వన్యమృగాల నివాసాలు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి బారినపడి ఆరేళ్ళ బాలిక మరణించిన విషాదం భక్తులందరికీ తెలిసినదే. ఆ తరువాత అక్కడ పిల్లలతో నడిచే వేళలపై నియమాలు వచ్చాయి. భక్తులకు చేతికర్రలు ఇచ్చే పద్ధతి మొదలైంది. వేళలు కాలానుగుణంగా మారుతూ ఉంటాయి కనుక మెట్లు మొదలయ్యే చోటనే విచారించాలి. పిల్లలను ముందుకు పరుగెత్తనీయరాదు, వెనుక విడువరాదు. బృందం నడుమ, పెద్దల చేయి పట్టుకొని నడిపించాలి. దారి విడిచి పొదలలోకి పోరాదు. కోతులకు, జింకలకు తినుబండారాలు పెట్టరాదు. మనం పారవేసిన ఆహారం కుక్కలను, అడవిపందులను రప్పిస్తుంది. వాటిని వేటాడే మృగం వాటి వెనుకనే వస్తుంది. తీసుకొనివెళ్ళిన ప్రతి సంచినీ, సీసానూ తిరిగి తేవడం పరిశుభ్రతకే గాక ప్రాణరక్షణకు కూడా సంబంధించిన విషయం.

మొక్కు మాట

"మొక్కు తీరకపోతే ఎట్లా?" అన్న ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. బావగారి కాలు చూచిన తరువాత నేనూ ఈ ప్రశ్నతో చాలా రోజులు మథనపడ్డాను.

తాళ్ళపాక అన్నమాచార్యులు బాలుడుగా తిరుమల ఎక్కుతూ మోకాళ్ళ పర్వతం వద్ద సొమ్మసిల్లిన వృత్తాంతం మనకు తెలుసు. అలమేలుమంగమ్మ ఒక పెద్దముత్తైదువ రూపంలో వచ్చి, ఇది సాలగ్రామమయమైన కొండ, చెప్పులతో ఎక్కరాదని బోధించినదని చెబుతారు. చెప్పులు విడిచే సంప్రదాయానికి బలం ఇచ్చే కథ ఇది. నేనూ చిన్ననాటినుంచి దానిని అట్లాగే విన్నాను. అయితే ఆ కథలో మరొక భాగం ఉన్నది. అమ్మ చెప్పులు విప్పమని చెప్పి వెళ్ళిపోలేదు. ఆకలితో అలసి పడిఉన్న బిడ్డకు ప్రసాదం తినిపించి సేదతీర్చింది. నియమం చెప్పిన నోటనే ఆకలి విచారించిన తల్లి ఆమె. నియమాన్ని గుర్తుంచుకున్న మనం, ఆమె చేసిన విచారణను మరచిపోయాము.

శరీరం సహకరించనప్పుడు మొక్కును మరొక రూపంలో చెల్లించుకొనే మార్గాలు మన ఆచారంలోనే ఉన్నాయి. మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి నమస్కరించవచ్చును. నడవగలిగిన కొన్ని మెట్లు నడిచి, మిగిలిన దారి వాహనంలో వెళ్ళవచ్చును. కుటుంబంలో మరొకరు తన తరఫున నడవవచ్చును. సందేహం ఉన్నవారు తమ ఆలయ అర్చకస్వాములను అడిగి, వారు చెప్పినట్లు చేయవచ్చును. సగం దారిలో వెనుదిరగవలసి వచ్చినవారు సిగ్గుపడవలసిన పని లేదు. కొండ ఎక్కడికీ పోదు. తిరిగి రావడానికి మనం ఉండాలి.

దాతలకు ఒక విన్నపం

గోపురాలకు, మండపాలకు, అన్నదానానికి విరాళాలు ఇచ్చే దాతలు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. వారి దృష్టికి మెట్లదారులను కూడా తెస్తున్నాను. ఎండ పడే రాతిమెట్ల మీద నీడ, గాలి వచ్చే చోట కూర్చునే అరుగులు, వేసవి నెలలలో ఉప్పు మజ్జిగ చలివేంద్రం, కొబ్బరిపీచు పట్టాలు, కొండ దిగువన ఒక ప్రథమచికిత్స పెట్టె. వీటికి శిలాఫలకం అంత పెద్దది ఉండకపోవచ్చును. కాని అక్కడ సేదతీరిన ప్రతి పాదమూ ఆ దాతను దీవిస్తుంది. ఏ పనికైనా ముందుగా ఆయా దేవస్థానాల అనుమతి పొందడం మరువరాదు.

మా బావగారు ఇప్పుడు కొండ ఎక్కరు. మేము చినతిరుపతికి అభ్యాసానికి వెళ్ళే ప్రతిసారీ ఆయన కూడా వస్తారు. మెత్తని బూట్లు తొడుక్కొని, దూది, గుడ్డపట్టీలు, మజ్జిగ సీసాలు ఉన్న సంచితో మెట్ల మొదట ఒక నీడపట్టున కూర్చుంటారు. దిగివచ్చిన ప్రతివారినీ, "ఏదీ, కాలు చూపించు" అని అడుగుతారు. గత కార్తికంలో ఆకివీడు నుంచి మాతో వచ్చిన ఒక పెద్దావిడ మడమ క్రింద చిన్న గాజుపెంకును ఆయనే చూచారు. అది గుచ్చుకున్న సంగతి ఆమెకు తెలియదు. ఆమెకూ మధుమేహమే. గాయం కడిగి, పట్టీ కట్టి, ఆ సాయంత్రమే ఆమెను వైద్యుని వద్దకు పంపించాము. పదిరోజులలో మానింది.

గిరియాత్రికులందరూ క్షేమంగా ఎక్కి, క్షేమంగా దిగి, స్వామి ప్రసాదంతో ఇల్లు చేరుదురుగాక.